రిజిస్టరైన వీపు

సోమవారం పదింటి టపాలో వచ్చిన ఉత్తరం ప్రకారం నా వీపు పూర్ణచంద్రరావు పేరు మీద రిజిస్టరైంది. ఉత్తరం చదివి మడతపెట్టేసరికి వీపు లేదు.

నొప్పి ఏమీ లేదు. చొక్కా వెనక భాగం మాత్రం దండెం మీద ఆరేసినట్టు ఊగుతోంది. చెయ్యి వెనక్కి పెట్టి తడిమి చూస్తాను. వేళ్ళు నేరుగా వెళ్ళి ముందు జేబులోని పెన్నుకు తగులుతున్నాయి.

నా భార్య సువార్తమ్మ వంటింట్లోంచి టీ గ్లాసుతో వస్తుంది. ముందు నుంచి చూస్తే నాలో తేడా ఏమీ లేదు.

"వీపు పోయింది సువార్తా," అంటాను.

ఆమె గ్లాసు బల్ల మీద పెడుతుంది. "చల్లారిద్ది. తాగు."

తాగుతాను. టీ ఎటూ కారడం లేదు. చొక్కా గుండీలు పెట్టుకుని షెడ్డుకు బయలుదేరతాను.

నేను పద్నాలుగేళ్ళు లారీ తోలాను. పదిహేనో ఏట వెన్నుపూసలు అరిగిపోయాయని, ఇక స్టీరింగు ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. అప్పటినుంచి బెజవాడ ఆటోనగర్లో ఒక రేకుల షెడ్డులో లారీలకు కావలసిన ప్లాస్టిక్ సామాను తయారుచేస్తున్నాను. పని కష్టమైనదేమీ కాదు. ప్లాస్టిక్ షీటును ఓవెన్‌లో కాలుస్తాం. అది మెత్తబడి పొట్టలా కిందికి జారుతుంది. దాన్ని అచ్చు మీదికి దించి, అడుగునుంచి పంపుతో గాలి లాగేస్తాం. షీటు అచ్చును గట్టిగా కావలించుకుంటుంది. చల్లారాక ఇక ఆ ఆకారాన్ని మరిచిపోదు.

గతుకుల్లో కూడా గ్లాసు ఒలకని ట్రే నేను కనిపెట్టిందే. బురదను మళ్ళీ టైరు వైపే తిప్పికొట్టే మడ్‌గార్డు కూడా. నేను కనిపెడతాను, నా భాగస్తుడు పూర్ణ అమ్ముతాడు. తొమ్మిదేళ్ళుగా అంతే. కాగితాల మీద సంతకం ఎక్కడ పెట్టాలో అతను వేలితో చూపిస్తాడు, నేను పెడతాను. అతని వేలు ఉన్నచోట చదవవలసిన అవసరం ఉంటుందని నాకెప్పుడూ తోచలేదు.

పోయిన ఏడాది వెన్నునొప్పి రాకుండా డ్రైవరు సీటుకు వెనక బిగించే పలక ఒకటి కనిపెట్టాను. నొప్పి ఎక్కడ మొదలై ఎక్కడికి పాకుతుందో నాకు తెలుసు కాబట్టి అచ్చు కోసం నా వీపునే వాడాను. బల్ల మీద బోర్లా పడుకున్నాను. పూర్ణ తడి ప్లాస్టర్ అరచేత్తో రాశాడు. "చల్లగా ఉందా అన్నా?" అని అడిగాడు. ఎడమ భుజం కింద, టైరు పేలినప్పుడు తగిలిన మచ్చ దగ్గర, వేళ్ళు మరీ నెమ్మదిగా కదిపాడు. మా అమ్మ పోయాక నా వీపు మీద అంత జాగ్రత్తగా ఎవరూ చెయ్యి వెయ్యలేదు. ప్లాస్టర్ ఆరేవరకూ నేను హాయిగా నిద్రపోయాను.

షెడ్డు ఈరోజు పొడుగ్గా ఉంది. గేటునుంచి పూర్ణ బల్ల దాకా నడవడానికి నలభై నిమిషాలు పడుతోంది. రెండు గోడలకూ నల్లటి పలకలు వరసగా వేలాడుతున్నాయి. ప్రతిదానికీ ఎడమ భుజం కింద మచ్చ ఉంది. నేను పక్కనుంచి వెళుతుంటే ఒక్కొక్కటీ కొంచెం నిటారవుతోంది, పెద్దవాళ్ళు వచ్చినప్పుడు బల్లల మీద పిల్లలు సర్దుకున్నట్టు.

పూర్ణ నా వీపు బిగించిన కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"రా అన్నా, కూర్చో."

"దేనికి ఆనుకోను?"

అతను ఆలోచిస్తాడు. ప్రశ్న న్యాయమైనదేనని ముఖంలో తెలుస్తోంది. "స్టూలు తెప్పిస్తా. దానికైతే ఆనుకునే పనుండదు."

"అది నా వీపు పూర్ణా."

"వీపు నీదేనన్నా, నేను కాదన్లా. ఆకారం నాది. ఆకారం పోను మిగిలింది నువ్వే ఉంచుకో."

"ఆకారం పోతే ఏం మిగిలిద్ది?"

"అది కాగితంలో రాయలేదు." అతను గొంతు తగ్గిస్తాడు. అందులో దాపరికం ఏమీ లేదు, ప్రేమగానే ఉంది. "తొమ్మిదేళ్ళలో అన్నీ నువ్వే కనిపెట్టావు. నేను కనిపెట్టింది ఇదొక్కటే గదన్నా."

"ఏం కనిపెట్టావు?"

"నీకు వీపుందని."

అంతలో మాచర్లనుంచి సిమెంటు తోలే వల్లీబాషా అనే డ్రైవరు లోపలికి వస్తాడు. అతనికి షెడ్డు మామూలు పొడవే. నాలుగు అంగల్లో బల్ల దగ్గరికి చేరి పూర్ణకు చేతులు జోడిస్తాడు.

"సార్, మీకు దణ్ణం పెట్టుకు పోదామని వచ్చా. ఆ పలక బిగించిన కాడ్నుంచి ఎవరో పెద్దాయన ఎనకాల కూర్చుని పట్టుకున్నట్టే ఉంటంది. నిన్న ఘాట్ రోడ్డులో బ్రేకులు పట్టకపోయినా భయమెయ్యలా. అంత మంచి వీపు సార్ మీది."

పూర్ణ తల వంచుకుంటాడు. "ఏదో, దేవుడిచ్చింది."

"అది నాది," అంటాను.

వల్లీబాషా నావైపు దయగా చూస్తాడు. "ఏదీ, ఒకసారి తిరుగన్నా."

తిరుగుతాను. అతను చాలాసేపు చూస్తాడు. వంగి కూడా చూస్తాడు.

"ఎదురుగా వెల్డింగ్ షాపు కనపడతంది," అంటాడు చివరికి. "మధ్యలో ఏం లేదన్నా."

అతని తప్పు లేదు. అతను సాక్ష్యం అడిగాడు. పోయింది సాక్ష్యమే. కోపం వెన్నులోంచి పైకి పాకుతుందని విన్నాను. నాలో ఆ దారి లేదు కాబట్టి అది పైకి రాలేదు.

మధ్యాహ్నం నుంచి బరువులు మొదలవుతాయి. వీపు నా దగ్గర లేకపోయినా దాని మీద పడే ప్రతి బరువూ నాకు తెలుస్తోంది. పలక బిగించిన నాలుగువందల పన్నెండు లారీల్లో నాలుగువందల పన్నెండు మంది నాకు ఆనుకుంటున్నారు. తుని దగ్గర ఒకడు పగలబడి నవ్వుతున్నాడు, నా భుజాలు అదురుతున్నాయి. నాగపూర్ చెక్‌పోస్టులో ఒకడు చెమటతో నానిపోయాడు. కోలారు దాటాక ఒకడికి ఫోన్ వచ్చింది. అతను ముందుకు వంగి స్టీరింగు మీద తల పెట్టాడు, మళ్ళీ మెల్లగా వెనక్కి వాలాడు. అతని తల్లి పోయిందని నాకు అర్థమవుతోంది. ఆటోనగర్లో బస్టాపు ముందు నిలబడి, అతన్ని పడనివ్వకుండా మోస్తున్నాను.

పూర్ణ కూడా ఆనుకుంటున్నాడు. అతనికి బరువు లేదు. హ్యాంగరుకు తగిలించిన చొక్కాలా ఉన్నాడు. తొమ్మిదేళ్ళు నేను ఇతన్నే నమ్ముకున్నానా అని ఒక్కసారి ఆగిపోతాను.

మంగళవారం రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళతాను. వరసలో నా ముందు నిలబడినావిడ నవ్వును ఆమె మరిది తన పేరు మీద చేయించుకున్నాడట. అందుకే ఆ సంగతి చెబుతూ ఆమె నవ్వబోయి దగ్గుతోంది. కౌంటరు వెనక కళ్ళజోడు పెట్టుకున్న గుమాస్తా నాకొక ఫారం ఇస్తుంది.

"ఫిర్యాదు ఏమిటి? వెన్నుపోటా?"

"కాదండీ. పొడవడానికి వెన్ను లేదు."

"అయితే నాలుగో గడి కొట్టెయ్యండి."

కొట్టేస్తాను. ఫారంలో ఉన్నవి నాలుగు గళ్ళే; మిగతా మూడూ పేరు, ఊరు, తేదీ. ఆమె ఫైలు తీసి నిదానంగా చదువుతుంది.

"దరఖాస్తు సక్రమంగానే ఉందండీ. ఆ వీపును ఎక్కువకాలం చూసిన మనిషి ఒకరు సాక్షి సంతకం పెట్టాలి. పెట్టారు."

"ఎవరు?"

ఆమె కాగితాన్ని నావైపు తిప్పుతుంది. పచారీ చీటీల మీద నేను రోజూ చూసే చేతిరాత. సువార్తమ్మ.

నేను ఆ పేరును రెండుసార్లు చదువుతాను. రెండోసారి చదివేటప్పుడు తుని డ్రైవరు నవ్వడం ఆపేస్తాడు. నాలుగువందల పన్నెండు మందీ ఒకేసారి సీట్లో సర్దుకుంటారు.

ఇంటికొచ్చేసరికి సువార్తమ్మ గడప దగ్గర కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది.

"సంతకం నీదేనా?"

"నాదే."

"తెలిసే పెట్టావా?"

"చదివే పెట్టా." ఆమె గింజను పళ్ళెంలో వేస్తుంది. "పూర్ణ ఫొటో తెచ్చి, ఈ వీపు నీకు తెలుసా వదినా అన్నాడు. తెలవకపోవటమేంది? పద్నాలుగేళ్ళు నేను చూసింది అదేగా. లారీ ఎక్కేటప్పుడు అదే. దిగొచ్చి అన్నం తిని, గోడకు తిరిగి పడుకుంటే అదే. నీ ముఖం కన్నా నాకదే బాగా తెలుసు."

"మరి నాదని ఎందుకు చెప్పలేదు?"

"ఆ పలక అయిపోతే నొప్పుండదు, మళ్ళీ స్టీరింగు పడతానన్నావంట. పూర్ణకి చెప్పావు. టీకొట్టాయనకి చెప్పావు. నాకు చెప్పలా."

అది నిజం. నేను చెప్పలేదు. బయలుదేరే రోజు చెబుదామనుకున్నాను. ఎప్పుడూ అట్లాగే చెప్పేవాణ్ణి.

"వీపు లేనోడు ఎట్టా వెళ్ళిపోతాడు?" అంటుంది సువార్తమ్మ. "ఎటు తిరిగినా నా వైపే ఉంటాడు గదా అనుకున్నా."

ఆమె చెప్పింది పరీక్షిస్తాను. వీధి వైపు తిరుగుతాను. ఎదురుగా సువార్తమ్మ ఉంది. గోడ వైపు తిరుగుతాను. అక్కడా ఆమే ఉంది, చింతపండుతో. పైకి చూస్తే దూలం పక్కన ఆమె.

పూర్ణ చేసింది దొంగతనం. దానికి పేరుంది. సువార్త చేసిన దానికి పేరు వెతుకుతున్నాను, దొరకడం లేదు. మోసపోయింది నేనేనని చెప్పబోయిన ప్రతిసారీ, లారీ మెట్టు మీద నా కాలు, వెనక వాకిట్లో ఆమె నిలబడి ఉండటం గుర్తొస్తున్నాయి. నేను వెనక్కి చూసి చెయ్యి ఊపినట్టు మాత్రం గుర్తు లేదు.

రెండు రోజులు మేము ఎదురెదురుగా ఉంటాం. ఎదురెదురుగా అన్నం తింటాం. ఆమె నీళ్ళు పట్టడానికి వెళితే నేను ముఖం ఆమెకేసి పెట్టుకునే వెంట నడుస్తాను. మొదటిరోజు ఆమె సంతోషంగానే ఉంది. నా కనుబొమ్మల్లో తెల్ల వెంట్రుకలు లెక్కపెట్టింది. రెండోరోజు మాట తగ్గించింది. గురువారం మధ్యాహ్నం చేతులు కడుక్కుంటూ, నా ముఖంలోకి పరీక్షగా చూస్తుంది.

"ఒక మాట చెప్తా, బాధపడబాక."

"చెప్పు."

"నువ్వెవరో నాకు తెలవట్లా."

"నేను జకరయ్యని."

"పేరు సరిపోయింది. మనిషే తెలవట్లా." ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటుంది. "నాకు తెలిసినాయన రోడ్డు మీదున్నాడు."

వాకిట్లో ఎవరిదో పది చక్రాల కొత్త లారీ ఆగి ఉంది. ఇంజను నడుస్తోంది. డ్రైవరు సీటు ఖాళీ. సీటు వెనక నల్లటి పలక, దాని కింది అంచున పూర్ణచంద్రరావు పేరు అచ్చై ఉంది. సువార్తమ్మ చీర కాస్త ఎత్తి పట్టుకుని మెట్టెక్కుతుంది.

"లారీ తోలటం ఎప్పుడు నేర్చుకున్నావు?" అని అడుగుతాను.

"నిద్రలో నువ్వు గేర్లు మార్చేవోడివి. ఇనీ ఇనీ వచ్చేసింది."

"నేనూ వస్తాను."

"నువ్వెట్టా వస్తావు? నువ్వు నా ఎదురుగానే ఉండాలి గదా. లారీకి అడ్డమొస్తావు."

అది సరైన మాటే. పక్కకు జరుగుతాను. ఆమె తలుపు వేసుకుని, అద్దం సర్దుకుని, వెనక్కి వాలుతుంది.

ఆమె బరువు నా మీద పడుతుంది. నాలుగువందల పన్నెండు మంది బరువు ఒకవైపు, ఇది ఒకవైపు. పెళ్ళయి ఇరవై ఆరేళ్ళు. ఆమె నాకు ఆనుకోవడం ఇదే మొదటిసారి. మచ్చ దగ్గర ఆమె భుజం తగులుతోంది. ఆమె కొంచెం అటూ ఇటూ కదిలి, ఒదిగే చోటు చూసుకుని, ఊపిరి వదులుతుంది. పిలవాలని నోరు తెరుస్తాను. ఆమె అప్పటికే మొదటి గేరు వేసేసింది, నా పద్ధతిలోనే, సగం క్లచ్‌లో.

లారీ కదులుతుంది. నా ముఖం ఆమె వైపే ఉంది. కానీ ఆమె నాకు ఎదురుగా లేదు. ఇంతకాలం వాకిట్లో నిలబడిన మనిషికి ఏం కనిపించేదో ఇప్పుడు నాకు కనిపిస్తోంది. అది పెద్దదేమీ కాదు. దుమ్ము, ఒక నంబరు ప్లేటు. ఆ తర్వాత ఖాళీ రోడ్డు.

వీధి చివర ఆమె హారన్ కొడుతుంది. తమనే పిలిచినట్టు మా వీధిలోని ఇళ్ళు లేస్తాయి. మొదట మూలనున్న ఇస్త్రీ కొట్టు, తర్వాత టైలరు గారి డాబా, తర్వాత ప్రార్థన మందిరం. పునాదుల్ని కుచ్చిళ్ళలా ఎత్తి పట్టుకుని, ఒకదాని వెనక ఒకటి బందరు కాలువలోకి దిగుతున్నాయి. మా ఇల్లు అన్నిటికన్నా చివర. నీళ్ళు దాని కిటికీల దాకా వచ్చాయి. అవతలి గట్టు ఎక్కి అది ఒళ్ళు విదిలించుకుంటుంది. కిటికీల్లోంచి చేపలు రాలి గడ్డి మీద పడతాయి. ఒక్కో చేపా తోక మీద లేచి నిలబడి, రెండు అడుగులు తడబడి, హారన్ వినిపించిన దిక్కుకు నడవడం మొదలుపెడుతుంది. ఇల్లు లేని వాకిట్లో నేనొక్కణ్ణే, ఆమె బరువు మోస్తూ, నిలబడి ఉన్నాను.