రెండో గేటు

కరుణమ్మ ఎత్తు జీపు కొన్నదని తెలిసి టెక్సస్‌లోని ఇర్వింగ్ తెలుగు చర్చిలో నవ్వనివాళ్లు లేరు. యాభై దాటిన నర్సుకు రాళ్లదారుల సరదా ఏమిటని ఆడిపోసుకున్నారు. ఊరి నోటికి మూత ఎవరు పెడతారు? 1984 జూన్‌లో ఆమె సెలవు పెట్టి, భర్త సత్యానందాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, పశ్చిమ టెక్సస్ కొండల్లోకి బండి నడిపింది.

అక్కడి పశువుల రాంచ్ యజమాని తన భూమి మీదుగా పోనిచ్చాడు. షరతు ఒక్కటే. తెరిచి ఉన్న గేటు తెరిచే ఉంచాలి, మూసి ఉన్నది మళ్లీ మూయాలి. కరుణమ్మ మాటిచ్చింది.

మధ్యాహ్నం కొండపైన ఆగి, కింద ఎర్రటి లోయను చూస్తూ పులిహోర తింటున్నారు.

"రెండో గేటు బార్లా తీసుంది, చూశావా?" అన్నాడు సత్యానందం గొప్పగా. "ఫొటోకని దిగినప్పుడు మూసేశాను. గేటు తీసుంటే గొడ్లు పడవూ?"

బాపట్లలో పెరిగిన మనిషి. పొరుగింటి గేదె తోటలో పడుతుందన్న భయం ఇక్కడికీ మోసుకొచ్చాడు. కరుణమ్మ చేతిలో ముద్ద ఆగిపోయింది. నీళ్లతొట్టి ఆ గేటుకు అవతల ఉంది, ఆవులన్నీ ఇవతల. ఎండ మండిపోతోంది.

"పదండి, వెనక్కి."

"ఆ దిగుడులోనా? ఎక్కేటప్పుడే బండి పల్టీ కొట్టబోయింది. ఎవరు మూశారో ఆ యజమానికేం తెలుస్తుంది?"

"నాకు తెలుసు. మాటిచ్చింది నేను."

"అయితే నేను రాను."

"రాకండి."

మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. మొండిది మొగుడికి లొంగుతుందా? గేరు తగ్గించి, బ్రేకు తొక్కీ తొక్కకుండా, జీపును ఒక్కో రాయి మీదుగా దించింది. భయం వేసింది. ప్రభువును తలుచుకుంది గాని ఆగలేదు.

గేటు దగ్గర ఆవులూ దూడలూ నాలుకలు వేలాడేసుకుని నిలబడ్డాయి. ఆమె గొలుసు అందుకునేలోపు వెనక రొప్పు వినిపించింది. సత్యానందం అడ్డదారిన కొండ దిగి వచ్చాడు, బూట్ల నిండా దుమ్ముతో.

"ఉండు. మూసింది నేను."

గొలుసు తీసి గేటు బార్లా తోశాడు. ఆవులు ఆయన్ని రాసుకుంటూ తొట్టికేసి పరుగెత్తాయి. కరుణమ్మ కోపం సగం చల్లారింది, సగమే.

సత్యానందం కొండకేసి చూశాడు. "పులిహోర కారియర్ కొండపైనే వదిలొచ్చాను. నేను నడిచే వస్తాలే, నువ్వు మెల్లగా ఎక్కించు."

"మీరు నడిచొస్తే నా డ్రైవింగ్ సంగతి చర్చిలో ఎవరు చెప్తారు? ఎక్కండి."

ఆయన ఎక్కి, రెండు చేతులా సీటు పట్టుకున్నాడు.