కిచకిచల్లేని ట్రైలర్

సరిగ్గా రెండింటికి అక్క ఫోన్ చేసింది. నాకు తోడబుట్టిన అక్కే, కానీ పగలంతా మా లారీ ఆఫీసులో ఏ బండి ఎక్కడికి పోవాలో చెప్పే అధికారి.

"తమ్ముడూ, కోడిపిల్లలు ఎలా ఉన్నాయిరా?"

"ప్రశాంతంగా ఉన్నాయక్కా. చప్పుడే లేదు."

"ఎనిమిది వేల కోడిపిల్లలు చప్పుడు చెయ్యట్లేదా?"

నా కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది.

మా పనే అంత. హైవే మీద అవతలి రాష్ట్రంలో తోలేది బావ, ఇవతల నేను. రోజూ మధ్యాహ్నం సరిహద్దులో లారీలు ఆగే చోట కలుస్తాం. వెనకాల ట్రైలర్లు విప్పి మార్చుకుని, ఎవరి దారిన వాళ్లం వెనక్కి తిరుగుతాం. సరుకు రాష్ట్రం దాటుతుంది, మేం మాత్రం రాత్రికి ఇంట్లో అన్నం తింటాం. ముందు మార్పిడి, తర్వాత టీ.

ఇవాళ టీ ముందు తాగాం.

"మీ వైపు రోడ్డు కాదురా అది, గతుకుల బొంత," అన్నాడు బావ.

"మీ రోడ్డు మీద ఒక్క రోజు తోలితే నడ్డి విరుగుతుంది," అన్నాను.

మాటా మాటా పెరిగింది. "ఇక నీతో మాట్లాడితే ఒట్టు!" అంటూ ఆయన సగం తాగిన టీ గ్లాసుతోనే లేచాడు. విసురుగా ఎవరి బండి వాళ్లం ఎక్కేశాం. రెండు ట్రైలర్లూ తెల్లవే. అద్దంలో చూసినా అనుమానం రాలేదు. పొద్దున నేను తెచ్చిన టైర్లనే మళ్లీ ఇంటికి మోసుకుపోతున్నాను!

"నాలుగింటికి కోళ్లఫారం గేటు మూస్తారు," అంది అక్క. "ఇప్పటికే రెండుసార్లు ఆలస్యం చేశావు. మూడోసారైతే నిన్ను దూరం లైనుకు మార్చమని యజమాని రాసిచ్చాడు. ఇరవై రోజులకోసారి ఇల్లు. తమ్ముడివని చూడను."

"అక్కా, చచ్చాను. బావ ఈపాటికి వంద కిలోమీటర్ల అవతల ఉంటాడు."

"నా కంప్యూటర్ తెరమీద ఆయన బండి చుక్క నీ వెనకాలే కనబడుతోంది. అద్దం చూసుకో."

చూశాను. లైట్లు ఆర్పి వెలిగిస్తూ, హారన్ కొట్టుకుంటూ బావ లారీ దూసుకొస్తోంది. పక్కనే పెట్రోలు బంకు. ఇద్దరం అందులోకి తిప్పాం. దిగీ దిగగానే కిచకిచలు చెవులకు చిల్లులు పొడిచాయి.

"ఎప్పుడు తెలిసింది బావా?"

ఆయన అటు తిరిగాడు. ఫోన్ తీసి అక్కతో అన్నాడు: "పది కిలోమీటర్లకే తెలిసిందని చెప్పు వాడికి."

"మరి ఫోన్ చెయ్యొచ్చుగా!"

"ఒట్టేసుకున్నానని చెప్పు."

పన్నెండు నిమిషాల్లో ట్రైలర్లు మార్చాం. ఇంత వేగంగా ఎప్పుడూ మార్చలేదు. మూడూ యాభై ఆరుకి ఫారం గేటు దాటాను. కాపలావాడు అప్పటికే గొలుసు చేతిలోకి తీసుకున్నాడు.

ఊపిరి పీల్చుకుని అక్కకు చెప్పాను: "అందుకున్నాను. బావకి థాంక్స్ చెప్పు."

"ఆయన కూడా నీకొక మాట చెప్పమన్నాడురా."

"ఏంటి?"

"నలభై కిలోమీటర్లు నిన్ను తరుముకొచ్చాడుగా. టీ ఒక్క చుక్క ఒలకలేదట. మీ రోడ్డు పర్వాలేదట."