ఇగ్నాత్ మంచం

తలుపు తెరవగానే కొట్టిన కంపుకి సావెలీ ముక్కు మూసుకున్నాడు. కుళ్లిన చేప, తడి బూడిద, ఉచ్చ. వేటగాళ్ల గుడిసెలా లేదది. ఎలుగుబంటి వదిలిపోయిన గుహలా ఉంది.

తిట్టుకునే తీరిక లేదు. వాగు దాటుతుంటే మంచు కింద దాగిన నీళ్లలో ఎడమకాలు మోకాలిదాకా దిగబడింది. ఉన్ని బూటు రాయిలా బిగిసింది. లోపల వేళ్లున్నాయో లేదో తెలియడం లేదు. బయట సున్నాకి నలభై అయిదు డిగ్రీలు కింద, పైగా చీకటి పడుతోంది. తెల్లారేదాకా పొయ్యి ఆరకూడదు. ఆరిందంటే కాలు పోయినట్టే.

ఈ అడవిలో ఒక కట్టుబాటుంది. గుడిసె వదిలి వెళ్లేవాడు పొయ్యి శుభ్రం చేసి, చితుకులు పేర్చి, పక్కన అగ్గిపెట్టె పెట్టి, చూరు కింద ఎండు కట్టెలు నింపి మరీ కదలాలి. తర్వాత వచ్చేవాడి వేళ్లు కట్టె కొట్టడానికి వంగకపోవచ్చు. పోయిన వారం నుంచి ఈ పొద్దుటిదాకా ఇక్కడుండి తన గుడిసెకి వెళ్లింది ఇగ్నాత్, సావెలీ భార్యకు తమ్ముడు.

సావెలీ ఇనుప పొయ్యి తలుపు లాగాడు. నోటిదాకా బూడిద. అందులో చేప తోళ్లు, పేగులు. చేత్తోనే తోడి మూలకు విసిరాడు. జిగురు వేళ్లకంటుకుంటే గోడకు రాసుకున్నాడు. చూరు కింద నాలుగు పచ్చి కట్టెలు తప్ప ఏమీ లేవు. బాగా మండే ఎండు లార్చ్ చెట్టు దుంగలన్నీ మాయం.

లోపల రెండు బల్ల మంచాలున్నాయి. ఎడమవైపుది ఇగ్నాత్‌ది, ఇరవై ఏళ్లుగా ఎండిన లార్చ్. సావెలీ గొడ్డలి తీశాడు.

పేళ్లతో మంట లేపాడు. నిప్పులు బాగా పడ్డాక వాటిని ముందుకు లాగి, వెనక మంచం కోళ్లూ పట్టెలూ సందు లేకుండా పేర్చాడు. అవి అంటుకున్నాక గాలి మూతను వేలెడు సందు ఉంచి దించాడు. ఎక్కువ తెరిస్తే గంటలో బూడిద. పూర్తిగా మూస్తే పొగే చంపుతుంది. అప్పుడు బూటు కోసి తీశాడు. కాలు మైనంలా పాలిపోయి ఉంది. బొచ్చుతోలు చుట్టుకున్నాడు.

తలుపు దబదబా మోగింది.

"బావా! తియ్ బావా, చస్తున్నా!"

ఇగ్నాత్. కనుబొమ్మలు కాలిపోయాయి, మొహమంతా మసి.

"మీ అక్క మొహం చూసి తీశా. నీ గుడిసెకేమొచ్చింది?"

"తగలబడింది బావా. రాత్రంతా వెచ్చగా ఉంటుందని పొయ్యి నిండా దట్టించి, గాలి మూత బార్లా తీసి పడుకున్నా. పొగగొట్టం ఎర్రబడి కప్పంటుకుంది."

"అంత మండే కట్టెలు నీకెక్కడివిరా?"

ఇగ్నాత్ నేల చూశాడు. "ఇక్కడివే. నువ్వు ఇరవయ్యో తారీకుదాకా రావనుకున్నా."

సావెలీకి ఆ మొహం కంటే చేప పేగులే నయమనిపించాయి.

"నా మంచమేది బావా?"

"పొయ్యిలో."

"మరి నేనెక్కడ పడుకోను?"

"ఆ మూల, పేగుల పక్కన. నీ చుట్టాలేగా."

ఇగ్నాత్ గొణుక్కుంటూ పొయ్యి దగ్గరికి జరిగాడు. "చలేస్తోంది. ఇంకాస్త తెరుద్దాం..." అని గాలి మూత మీద చెయ్యి వేశాడు. గొడ్డలి కర్ర వాడి మణికట్టు మీద పడింది.

"ఇంకోసారి ముట్టుకుంటే పదునువైపు తిరగేసి కొడతా."

సావెలీ మూతను తీగతో బిగించి మేకుకి కట్టాడు. కాళ్లు ముడుచుకుని, కళ్లు ఆ తీగ మీదే పెట్టి పడుకున్నాడు.

తెల్లారి పొయ్యి తెరిస్తే వెనక వరసలో ఇంకా ఎర్రటి నిప్పులున్నాయి. కాలి వేళ్లు వాచి, మండిపోతున్నాయి. అంటే బతికాయి.

సావెలీ గొడ్డలి ఇగ్నాత్ ఒళ్లో పడేశాడు. "లే. ముందు పేగులెత్తు. తర్వాత చూరు నిండా కట్టెలు కొట్టు, ఎండువి."

"ఈ చలిలో ఇక్కడికెవడొస్తాడు బావా?"

"నిన్న నేనొచ్చాను."