పొయ్యి గోడ చప్పుడు

కార్పొరల్ విల్ఫ్రెడ్ స్టాథర్స్ ఈల ఊదాడు. ఆ ఈల వినిపిస్తే చాలు, ఇంగ్లండులోని హల్ పట్టణంలో ఎక్కడివాళ్లక్కడ ఆగిపోవాలి. పార పట్టినవాడు పార దించాలి, ఏడ్చేవాళ్లు నోరు నొక్కుకోవాలి. కూలిన ఇళ్ల కింద ఎవరైనా బతికున్నారేమో చెవి ఒగ్గి వినడానికి అదొక్కటే దారి.

టక్, టక్, టక్. కాస్త ఆగి, మళ్లీ టక్.

"పద్నాలుగో నంబరు ఇల్లు! పొయ్యి దగ్గర!" అని అరిచాడు విల్ఫ్రెడ్. ఆరుగురు సైనికులూ అక్కడే తవ్వసాగారు. రాత్రి పడ్డ జర్మన్ బాంబులకి సగం ఊరు నేలమట్టమైంది మరి, ఈ వీధి వంతుకి దక్కింది ఆ ఆరుగురే.

గంటన్నర గడిచింది. సొరంగంలో పాకుతున్న విల్ఫ్రెడ్ చేతికి ఓ పసివాడి కాలు తగిలింది. వెచ్చగా ఉంది. ఐవీ అనే ఆవిడ కొడుకు వాడు. ఫ్యాక్టరీకి వెళ్తూ తాత దగ్గర వదిలిపెట్టింది. పక్కనే ఉన్న తాత ఎప్పుడో పోయాడు. ఇంతలో పైనున్న దూలం కిర్రుమని జారింది. ఆసరాగా పెట్టడానికి కర్ర అందేలోపే విల్ఫ్రెడ్ దాన్ని భుజంతో ఆపేశాడు.

అప్పుడొచ్చింది ఆ పక్కిల్లు, పదహారో నంబరులో ఉండే ఎడ్నా బ్లెంకిన్. చేపల షెడ్డులో రాత్రి డ్యూటీ దిగి, మూసేసిన దారులన్నీ చుట్టి పరిగెత్తుకొచ్చింది. ఆ చప్పుడు విని గుండెలు బాదుకుంది.

"అయ్యో, అక్కడ కాదురా నాయనా! ఆ కొట్టేది మా నోరా! నా కూతురు! మా ఇంట్లో!"

"ఊరుకో తల్లీ, మావాళ్లు సరిగ్గానే విన్నారు," అన్నాడు అక్కడ కాపలా ఉన్న పోలీసు.

"ఏం విన్నారు, నీ మొహం! రెండిళ్ల పొయ్యిలకీ ఒకటే గోడ. టీ కాగితే ఇనపకమ్మీతో అలా కొట్టి పక్కింటివాళ్లని పిలుచుకుంటాం. ఇటు కొడితే అటు మోగుతుంది!"

లోపల విల్ఫ్రెడ్‌కి ఆ మాటలన్నీ వినబడ్డాయి. పొలాల మధ్య ఒంటింట్లో పెరిగినవాడికి పక్కింటి పొయ్యి సంగతి ఏం తెలుస్తుంది, పాపం! కానీ ఈ వీధివాళ్లలో ఎవర్నడిగినా చెప్పేవారే. అడగలేదు. నోరా వరకు ఆ గంటన్నర బూడిదలో పోసిన పన్నీరైంది.

"ఇద్దరు పదహారుకి పరిగెత్తండ్రా!"

పరిగెత్తారు. ఏం లాభం? పగిలిన గొట్టంలోంచి గ్యాసు వాసన గుప్పుమంటోంది, పైకప్పంతా కుప్పగా పడుంది. ఇద్దరి వల్ల అయ్యే పని కాదది, మిగతావాళ్లు దూలం దగ్గర్నుంచి కదల్లేరు.

ఎడ్నా పోలీసుని తోసేసి సొరంగం నోటి దగ్గర బోర్లా పడింది. "బాబూ, వాణ్ణి వదిలెయ్! నీ కాళ్లు పట్టుకుంటాను, వాణ్ణి వదిలేసి రా! నా పిల్ల పిలుస్తోంది!"

భుజం తీస్తే పసివాడు పోతాడు. విల్ఫ్రెడ్ పళ్లు బిగబట్టాడు. "కొడుతూనే ఉండమను తల్లీ," అన్నాడు.

టక్, టక్. మూడోది ఆలస్యంగా వచ్చింది. ఆ తర్వాత ఇంకేమీ రాలేదు.

పసివాణ్ణి బయటికి తీయడానికి ఇంకో ఇరవై నిమిషాలు పట్టింది. నోరాని మధ్యాహ్నానికి తీశారు. ఒంటి మీద గీత కూడా లేదు. గ్యాసు చంపేసింది.

కొన్ని నెలలకి, అక్టోబరులో విల్ఫ్రెడ్‌కి శౌర్య పతకం వచ్చింది. ప్రాణాలకి తెగించి పసివాణ్ణి కాపాడాడని చర్చి హాల్లో కాగితం చదివారు, చప్పట్లు కొట్టారు. అందులో నోరా పేరే లేదు. సిగ్గుతో చచ్చిపోతూ విల్ఫ్రెడ్ బయటికొచ్చేసరికి గుమ్మంలో ఎడ్నా నిలబడుంది. మొహాన ఉమ్మేస్తుందనుకున్నాడు. ఉమ్మేసినా బాగుండేది. పతకం ఊడదీశాడు.

"ఇది మీదమ్మా."

"నాకెందుకది? ఆ రోజు నేనన్న మాట ఎవరికైనా చెప్పావా?"

"ఏ మాటమ్మా?"

"తెలియనట్టు అడక్కు. వాణ్ణి వదిలెయ్యమన్నానే, ఆ మాట."

"చెప్పలేదు. చచ్చినా చెప్పను."

"చెప్పు నాయనా. ఆ ఐవీకి చెప్పు. నాకు పిల్ల లేదని జాలిపడి ప్రతి ఆదివారం వాణ్ణి తెచ్చి నా ఒళ్లో పెడుతోంది. వాడు నన్ను అమ్మమ్మా అంటున్నాడు. చెబుదామంటే నాకు నోరు రావడం లేదు. ఎలా భరించను, చెప్పు?"

ఈలోగా హాల్లోంచి ఐవీ నవ్వుతూ వచ్చింది. చంకలో ఉన్న పిల్లాడు ఎడ్నాని చూడగానే రెండు చేతులూ చాచాడు.

ఎడ్నా ఎత్తుకుంది.