కదిరి సామి పేరు

శ్రీరంగప్ప స్కానరు అద్దం మీద కాగితం బోర్లించి, మూత వేసి, అరచేత్తో అదిమి పట్టుకున్నాడు. ఏళ్ల తరబడి టైపు మిషను కొట్టి కణుపులు ఉబ్బిన వేళ్లు. ఇప్పుడు కదిరిలో రోగుల దరఖాస్తులను హైదరాబాదు సర్వరుకు పంపడం అతని పని. కాగితం బొమ్మతో పాటు రోగి పేరు, ఊరు, జబ్బు గళ్లలో నింపి నొక్కితే నెట్లో వెళ్లిపోతుంది. తెర మీద 'చేరింది' అని పడుతుంది. అంత ఠంచనుగా బదులిచ్చినవాళ్లు అతని బతుకులో ఇంకెవరూ లేరు పాపం.

కిటికీ దగ్గరికి చౌడమ్మ వచ్చింది.

"అన్నా, ఆసుపత్రోళ్లు ఎంత వెతికినా మా కాగితం కనపడల్యాదంటాండారు. అది కనపడితేనే ఆపరేషనంట."

"పోయిన వారమే పంపినానే! రోగి పేరేమి?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెంట వచ్చిన ఆటో అతను అందుకున్నాడు. "కదిరప్ప, సార్."

శ్రీరంగప్ప పోయిన వారం పంపిన కాగితం తెర మీదికి తీశాడు. ఆ రోజు దరఖాస్తు చెమటకు తడిసి పేరు అలుక్కుపోయింది. మీ ఆయన పేరేమిటమ్మా అంటే, "కదిరి సామి పేరేన్నా" అంది చౌడమ్మ. మొగుడి పేరు నోటితో ఎలా చెబుతుంది? ఇన్నేళ్ల కాపురంలో భార్య యశోదమ్మ మాత్రం తన పేరు ఎప్పుడు పలికింది కనక? ఆడమనిషిని ఇబ్బంది పెట్టడమెందుకని, కదిరి సామి నరసింహస్వామే కదా అని, మహా పెద్దమనిషిలా 'నరసింహులు' అని కొట్టి పంపేశాడు. ఆ సామి పేరున కదిరప్పలూ ఉంటారని అప్పుడు తట్టలేదు. కదిరప్ప కోసం వెతికేవాళ్లకు నరసింహులు ఎందుకు దొరుకుతాడు?

పేరు దిద్ది మళ్లీ పంపాడు. ఆ దరఖాస్తు నంబరుతో కాగితం ఇదివరకే ఉందంటూ సర్వరు తిప్పికొట్టింది. మళ్లీ పంపాడు. మళ్లీ అదే. పంపడం వరకే అతని చేతిలో ఉంది, పంపినదాన్ని దిద్దే అధికారం లేదు. హైదరాబాదుకు ఫోను చేస్తే, పేరు మార్చాలంటే సోమవారం దాకా ఆగాలని ఎవరో అమ్మాయి మర్యాదగా చెప్పింది.

"మనిషి ఆగేటట్టు లేడు తల్లీ. నీకు దండం పెడతా."

అడగవలసిన చోట కూడా అడగకుండా ఇన్నాళ్లూ నెట్టుకొచ్చిన మనిషి, ఆ పూట సిగ్గు విడిచి బతిమాలాడు. అవతల ఫోను పెట్టేశారు.

"ఆయప్ప యాడుండాడమ్మా?"

"ఈడే, వరండాలో బల్ల మీద పండబెట్టినా. ఆటోలో కూచోలేకపోతాండాడు."

చౌడమ్మ వరండాలోకి వెళ్లింది. శ్రీరంగప్ప ఇంకోసారి నొక్కి, తెర వంక చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి ఆమె తిరిగొచ్చి కిటికీ ఊచలు పట్టుకుంది. ఏడవడం లేదు.

"ఎంత లేపినా పలకల్యాదన్నా." తర్వాత అతని కళ్లలోకి సూటిగా చూసింది. "కదిరప్ప. ఆయన పేరు కదిరప్పన్నా. ఆ పొద్దే నోరు తెరిచి చెప్పింటే..."

తప్పు నాదమ్మా, నీది కాదు అనాలి. తెర వైపు తిరిగి ఇంకోసారి నొక్కాడు. అతను బయటికి వచ్చేసరికే కదిరప్పను ఎక్కించుకుని ఆటో బయలుదేరిపోయింది.

వరండా బల్ల మీద, తలకింద దిండుగా మడిచిపెట్టిన తలగుడ్డ ఉండిపోయింది. తల ఆనినచోట గుంట ఇంకా అలాగే ఉంది.