వంటింటి వైపు తలుపు

పెద్దక్కకి అసహ్యం వేయని వస్తువు ఈ లోకంలో చాలా తక్కువ. పళ్ల డాక్టరు దగ్గర పనిముట్లు ఉడకబెట్టే ఉద్యోగం ఆమెది. పొద్దున్నే లేచి కుళాయి తిప్పి చేతులు కడుక్కుంటుంది, ఆ చేతులు ముట్టిన కుళాయిని కడుగుతుంది, కుళాయిని ముట్టాయి కదా అని చేతులు మళ్లీ కడుక్కుంటుంది. దువ్వెనలో వెంట్రుక కనబడిందా, ఆ పూటకి టిఫిను ఉండదు. అలాంటి మనిషి పెరట్లో, రేకుల షెడ్డు కింద, సరిగ్గా వంటింటి కిటికీకి ఎదురుగా చెల్లెలి కారు మూడేళ్లుగా కుళ్లుతోంది. టీ పెట్టిన ప్రతిసారీ దాన్ని చూడడం, మొహం తిప్పుకోవడం.

మొగుడి ఇంట్లోంచి వచ్చేసిన రోజు చెల్లెలు ఆ కారులోనే వచ్చింది. కాగితాలు ఆమె పేరు మీదే ఉన్నాయి. ఆ తర్వాత దాన్ని ముట్టుకున్నది పావురాలే.

శుక్రవారం పొద్దున చెల్లెలు టీ తాగుతూ చల్లగా చెప్పింది.

"ఆదివారం ఆయన వస్తానన్నారక్కా. మారిపోయారట. తీసుకెళ్తానంటున్నారు."

"నువ్వేమన్నావే?"

"కారు శుభ్రం చేశాక చెప్తానన్నాను."

"నువ్వా చేసేది! నువ్వు గిన్నె కడిగితేనే నేను మళ్లీ కడగాలి. ఉండు, నేనే చేస్తా."

పెద్దక్క ఊరికే అనలేదు. గుచ్చుకునే మాటలు కారు రంగుకి అంటుకుంటాయని ఎవరికి తెలియదు? నవ్వుతూ అన్నా సరే, తిడుతూ అన్నా సరే, దగ్గర్లో ఉన్న కారు మీద సన్నటి గింజలా కూర్చుంటాయి. పాత కారు కొనేవాళ్లు ముందు బానెట్ నిమిరి, ఎలాంటి సంసారంలోంచి వచ్చిందో చూసుకుంటారు. మరిది నోట్లోంచి ఊడిపడ్డ కంపునంతా బయటికి లాగి చెల్లెలి ముందు పెడితే, ఇక అది ఆ గుమ్మం తొక్కదని పెద్దక్క లెక్క.

శనివారం సెలవు పెట్టింది. రెండు జతల గ్లవుజులు, మూతికి గుడ్డ. రెట్టలు ఎండి రాళ్లయ్యాయి. తడిగుడ్డలు కప్పి నానబెడితే ఆకుపచ్చ జిగురులా కరిగి కారాయి. అద్దం కింది సందులో చచ్చిన పురుగులు, కుళ్లిన ఆకులు, ఏదో పక్షి తిని వదిలేసిన తోక. "థూ" అనుకుంటూనే షాంపూ నీళ్లతో రెండుసార్లు కడిగింది.

అప్పుడు చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని బానెట్ నిమిరింది. ఉత్త చేతికి తెలియని గరుకు కవరులోంచి బాగా తెలుస్తుంది. ఉప్పుకాగితం మీద చెయ్యి పెట్టినట్టే ఉంది. దుకాణంలో క్లే అని ఇచ్చే మట్టిముద్ద తీసి, సబ్బునీళ్లు చల్లి, బానెట్ మీదా గోడ వైపు తలుపు మీదా మెల్లగా రుద్దింది. ముద్ద నల్లబడింది. దాన్ని మడతపెట్టగానే మరిది గొంతు సన్నగా పలికి ఆరిపోయింది.

"నీ మొహానికి అద్దం ఒకటా?"

మళ్లీ రుద్ది మళ్లీ మడిచింది.

"నోర్మూసుకుని కూర్చో."

అలాంటివి పాతిక దాకా వచ్చాయి. అసహ్యంతో పాటు పెద్దక్కకి కాస్త హుషారు కూడా వచ్చింది. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అన్నారా అనుకుంటూ ఇటు తిరిగి, వంటింటి వైపు తలుపు నిమిరింది.

ఇది అటు దానికి రెండింతల గరుకు. పావురాల పనే అయ్యుంటుందనుకుని రుద్ది మడిచింది.

"ఎన్నాళ్లు మొయ్యాలే నిన్ను?"

పెద్దక్క గొంతే.

ముద్ద జారి నేల మీద పడింది. కిందపడ్డ క్లే ఇసక పట్టుకుంటుంది, మళ్లీ వాడితే రంగంతా గీతలు పడతాయి. పెద్దక్క కొత్త ముద్ద విప్పింది.

"లేచావా మహారాణీ?" "నీ వెంట్రుకలు ఏరలేక చస్తున్నాను." "నువ్వు ముట్టుకున్న గ్లాసు నాకెందుకు?"

మూడేళ్లుగా కిటికీలోంచి విసిరిన ప్రతి మాటా అక్కడే ఉంది. చిట్టచివర, పిడి పక్కన, గోరంత గింజ ఒకటి.

"అక్కడే అణిగిమణిగి పడుంటే నాకీ ఖర్మ పట్టేది కాదు."

గురివింద గింజకి తన నలుపు తెలియదంటారు. పెద్దక్కకి ఇప్పుడు తెలిసింది. తన నోటిని పళ్ల డాక్టరు పనిముట్లతో పాటు ఉడకబెట్టాలనిపించింది. ఆ తలుపుని అలాగే వదిలేసి పైన ఇంత వ్యాక్స్ పూస్తే ఎవరు చూస్తారు అని కూడా అనిపించింది. ఆ ఆలోచనకి తన మీద తనకే ఇంకా రోత పుట్టింది. సాయంత్రం దాకా కూర్చుని ఒక్కో గింజా తీసింది, తీసిన ప్రతిదాన్నీ పూర్తిగా విన్నది.

చెల్లెలు టీ తెచ్చి పక్కన పెట్టింది.

"ఆ తలుపు వదిలేస్తావేమో అనుకున్నా" అంది, అంతే.

పెద్దక్క గీతలు పోయే కాంపౌండు పట్టించి, వ్యాక్స్ పూసి, మెత్తటి గుడ్డతో తుడిచేసరికి కారు మెరుపులో షెడ్డు రేకులు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు.

ఆదివారం పొద్దున మరిది బస్సు దిగి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నవ్వుమొహం.

"అబ్బో, కారు కొత్తదానిలా ఉందే! బాగున్నారా వదినా?"

పెద్దక్క తలూపింది. చెల్లెలు చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని బానెట్ మీద పెట్టింది.

"చెప్పండి" అంది మొగుడితో.

"చెప్పేదేముంది, పద పద. బాగా ఒళ్లు చేశావే, సీటులో పడతావా?" అని నవ్వాడు. "సరదాకన్నాలే!"

చెల్లెలి చెయ్యి జారుతూ జారుతూ ఒకచోట ఆగింది.

"ఇంకా చెప్పండి."

"ఏమిటీ వేషాలు? తాళాలిటివ్వు, నేను నడుపుతా. నీకు రోడ్డు మీద బుర్ర పనిచెయ్యదు."

చెయ్యి మరోచోట ఆగింది. మూడేళ్ల గరుకులో ఆ రెండు గింజలు ఎవరికీ తెలిసేవి కావు. నున్నటి రంగు మీద, కవరులోంచి, బాగా తెలిశాయి. కారు శుభ్రం చేశాకే చెప్తానని చెల్లెలు ఎందుకందో పెద్దక్కకి అప్పుడు అర్థమైంది.

చెల్లెలు నడుచుకుంటూ వచ్చి వంటింటి వైపు తలుపు మీద చెయ్యి పెట్టింది.

"ఇప్పుడు నువ్వు చెప్పక్కా. నన్నేం చెయ్యమంటావ్?"

నాకేం బరువు, ఉండిపోవే అనే మాట పెద్దక్క నాలుక చివరిదాకా వచ్చింది. అది నిజం కాదని తలుపులోంచి విన్న మనిషి తనే.

"ఉండమనే మొహం నాకు లేదే. నీకు ఈ ఇల్లు కూడా ఆ ఇల్లే అయింది. అతనితో మాత్రం వెళ్లకు."

చెల్లెలి చెయ్యి తలుపు ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఎక్కడా ఆగకుండా జారింది.

"లైబ్రరీ వెనక గది ఖాళీగా ఉందక్కా. నేను పుస్తకాలకి అట్టలేసే చోటే. అడిగి ఉంచాను."

లోపలికి వెళ్లి సంచి తెచ్చుకుంది. స్టీరింగు ముందు కూర్చుంది. శనివారం రాత్రే చెల్లెలు కొత్త బ్యాటరీ వేయించిన ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది.

"ఏయ్, మరి నేనో?" అన్నాడు మరిది.

"బస్సు స్టాపు కుడివైపు నాయనా" అంది పెద్దక్క.

చెల్లెలు చేతికున్న ప్లాస్టిక్ కవరు తీసి కారు కిటికీలోంచి అక్క చేతిలో పెట్టింది.

"వచ్చే ఆదివారం వస్తా. ఇది పారెయ్యకు."

కారు మలుపు తిరిగింది. వాడిన వస్తువు ఏదీ ఇంట్లో ఉంచని పెద్దక్క ఆ కవరుని సబ్బుతో కడిగి, నీళ్లు దులిపి, వంటింటి కిటికీకి తగిలించింది.