ఎలా కాలింది

“పొడుగు పావాడ వేస్తే కనిపించదులే,” అంది మా అత్త నాగవేణమ్మ, వాకిట్లో గొర్రెలకు ఆకు వేస్తూ, నావైపు చూడకుండానే. నేను అప్పుడే పని నుంచి వచ్చి, చీర కూడా మార్చుకోకుండా నా కూతురు వెన్నిలకు స్నానం చేయిస్తున్నాను. చెంబుతో నీళ్ళు పోశానో లేదో బిడ్డ కెవ్వుమంది. ఎడమకాలి పిక్క మీద రెండు గీతలు, పక్కపక్కనే, గీసినట్టు తిన్నగా. వాటి మీద బూడిద, నెయ్యి. చుట్టూ చర్మం ఉబ్బి నీరు పట్టింది. ఏమిటిదని అడగడానికి నోరు తెరిచేలోపే జవాబు వచ్చేసింది.

అడగడానికి తెలియనిదేమీ లేదు. మా ఇంట్లో మందలో ఏ జీవానికైనా కాళ్ళు కొట్టుకుంటే కొడవలి మొన కాల్చి వాత పెడతారు. పిల్లలకు మూర్ఛ వచ్చినా అదే మందు. మా ఆయన మోహన్‌రాజ్ పిక్కల మీద ఉన్నాయి ఆ గీతలు, మా అత్త పిక్కల మీద ఉన్నాయి. ఒక మంగళవారం ఎడమకాలు, తర్వాతి మంగళవారం కుడికాలు. రెండు కాళ్ళకూ పడితేనే జబ్బు వదులుతుందని నమ్మకం. పోయిన వారం వెన్నిలకు జ్వరంలో మూర్ఛ వచ్చింది. ఒళ్ళు బాగా కాగితే కొందరు చిన్నపిల్లలకు అలా వస్తుందనీ, బట్టలు వదులు చేసి ఒక పక్కకు పడుకోబెట్టి వెంటనే తీసుకురమ్మనీ డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట ఇంటికి మోసుకొచ్చి చెప్పాను. మా అత్త రేడియోలో వార్తలు విన్నట్టు విని, లేచి వెళ్ళి పాలు కాచుకుంది.

ఆ సాయంత్రమే, నన్నొక మాట అడగకూడదా అత్తా అన్నాను. దానికి ఆమె కోపం కూడా తెచ్చుకోలేదు. “బిడ్డ కండ్లు తేలేస్తే ఒళ్ళో పట్టుకునింది ఎవురు? నువ్వు ఆడ కంప్యూటర్ ముందర కూర్చోని ఉంటివి. నిన్ను పిలిచి అడిగేదా?” అంది. నిజంగానే నేను అక్కడ లేను. ఆ మూర్ఛ వచ్చిన రోజు నుంచీ ఆస్పత్రిలో ఎవరి ఫోను మోగినా ముందు నా ఫోను తీసి చూసుకుంటున్నాను.

నేను చేసేది ఆ ఆస్పత్రి ఇన్సూరెన్సు కౌంటర్లో కోడ్‌లు వేసే పని. కాలేజీలో చేరిన ఏడాదికే చదువు మాన్పించి పెళ్ళి చేశారు, నాకు దొరికిన మంచి కుర్చీ ఇదొక్కటే. డాక్టర్లు రాసిన రోగాన్ని మేము అక్షరాల్లోకీ అంకెల్లోకీ మారుస్తాం. కాలిన గాయమంటే చాలదు. ఏ కాలు, మోకాలికి పైనా కిందా, ఎంత లోతు కాలింది, మొదటిసారి వచ్చారా మళ్ళీ వచ్చారా, అన్నీ కావాలి. ఆ తర్వాత ఎలా కాలిందన్నదానికి ఇంకో కోడ్. తనంతట తగిలిందా, ఎవరైనా కావాలని కాల్చారా, తేల్చలేమా. మేము ఊహించి వేయకూడదు. డాక్టరు రాయకపోతే ఫైలు వెనక్కి పంపి అడగాలి. అలా అడిగి అడిగి డాక్టర్లకు నేనంటే విసుగు. ఊళ్ళోవాళ్ళ కాళ్ళ గురించి అడగడానికి నాకు ఏనాడూ సిగ్గనిపించలేదు.

ఆదివారానికి గీతలు చీము పట్టాయి. బిడ్డ ఒళ్ళు మళ్ళీ కాగింది. ఎక్కడ మూర్ఛ వస్తుందోనని మా ఆయన కూడా భయపడి, సరుకులు మోసే తన లోడ్ ఆటోలో మమ్మల్ని ఎక్కించుకుని మా ఊరు సోగత్తూరు నుంచి నేను పనిచేసే ఆస్పత్రికే తీసుకొచ్చాడు. దారిలో అతను చెప్పింది ఒక్కటే. “బైకు సైలెన్సర్ తగిలిందని నేను చెప్తా. నువ్వు నోరు తెరవద్దు. నీ ఆఫీసోళ్ళ ముందర మా అమ్మ మానం తీయొద్దు.” డ్యూటీలో ఉన్న తిలగవతి డాక్టరమ్మ ఎలా కాలిందని తమిళంలో అడిగింది. అతను చెప్పాడు. ఆమె నావైపు చూసింది. నేను వెన్నిల గౌను మడత పెడుతూ ఉన్నాను. గౌను ఎంతసేపు మడవగలం? ఆమె రాసేంతసేపు మడిచాను. బిడ్డను వార్డులో చేర్చుకున్నారు.

సోమవారం పొద్దున ఆ ఫైలు మా కౌంటర్‌కే వచ్చింది. సొంతవాళ్ళ ఫైలు మేము ముట్టకూడదు కాబట్టి పక్క కుర్చీలోని నివేదిత తీసుకుంది. ఎడమకాలు, మోకాలి కింద, రెండో డిగ్రీ, మొదటిసారి రావడం, గబగబా కొట్టేసింది. ఎలా కాలింది అన్న దగ్గర ఆగింది. నర్సు గీసిన గాయం బొమ్మను చూసి, గొంతు తగ్గించి, “సైలెన్సర్ అయితే ఒక్క మచ్చే పడుతుంది కదా అక్కా, ఆకు మాదిరి. ఇవి రెండు గీతలు,” అంది. మళ్ళీ తనే, “డాక్టరమ్మ రాసింది కాబట్టి నేను వేసేస్తా. వేసేదా?” అని చేతులు కీబోర్డు మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

ఇప్పుడే వస్తానని చెప్పి మెట్ల దగ్గరికి వెళ్ళి మల్లాపురంలో ఉన్న మా అమ్మకు ఫోను చేశాను. మన పిల్లలందరికీ పెట్టేదే కదా అంది అమ్మ. ఉద్యోగమూ వద్దు, కొట్లాటా వద్దు, బిడ్డను చూసుకుంటూ ఇంట్లో ఉండమంది. ఇల్లు వదిలి వస్తానంటే మాత్రం ఏమంటుందో అడగలేదు. అడగకుండానే తెలిసిపోయింది.

పైన వార్డులో బిడ్డ పక్కన కూర్చున్నది మా అత్తే. నేను వెళ్ళేసరికి వెన్నిల తలను ఒళ్ళో పెట్టుకుని, కట్టు కట్టిన కాలి మీద ఈగ వాలకుండా కొంగుతో విసురుతోంది. పొద్దుటి నుంచి ఆమె కాఫీ కూడా తాగలేదని పక్క మంచం ఆవిడ చెప్పింది. నన్ను చూసి, “ఈ పొద్దు సాయంత్రం పంపిస్తారంటనే. రేపు మంగళవారం. రెండోదీ అయిపోతే బిడ్డకు ఇంక భయం లేదు,” అంది. చీము పట్టిన సంగతే మర్చిపోయినట్టు, రాత్రంతా బిడ్డ ఏడవనట్టు, మామూలుగా, కూరకు ఉప్పు సరిపోయిందన్నట్టు చెప్పింది. వెన్నిల ఆమె బొటనవేలు పట్టుకుని నిద్రపోతోంది.

అక్కడే నిలబడి ఆలోచించాను. ఈసారి మా ఆయన ఏం చెబుతాడు, మళ్ళీ సైలెన్సరనా? చెబితే మళ్ళీ అలాగే రాస్తారు, మళ్ళీ నేను గౌను మడుస్తాను. లేదు, నిజం చెబితే? అత్త లేకపోతే బిడ్డను చూసేవాళ్ళు లేరు, చూసేవాళ్ళు లేకపోతే నాకు ఆ కుర్చీ లేదు. కావాలని కాల్చారన్న వరసలో మా అత్తను ఎలా నిలబెట్టను? ఆమె కావాలనుకున్నది బిడ్డ ప్రాణం. కానీ కొడవలిని నిప్పుల్లో పెట్టినప్పుడు, బిడ్డ కాలు కదలకుండా పట్టుకున్నప్పుడు, అదీ కావాలనే కదా. ఎటు తిప్పినా బరువే. ఆ బరువు మోస్తూనే తిలగవతి డాక్టరమ్మ గదిలోకి వెళ్ళాను.

“సైలెన్సర్ కాదు డాక్టర్. వాత పెట్టారు,” అన్నాను. “రేపు కుడికాలికి పెడతారు.”

ఆమె పెన్ను కింద పెట్టింది. ఇది రాస్తే పోలీసులకు తెలియజేయాల్సి వస్తుందనీ, మీ ఇంటికి వస్తారనీ, మళ్ళీ నువ్వు ఉండాల్సింది ఆ ఇంట్లోనే కదా అనీ నెమ్మదిగా చెప్పింది. ఆలోచించుకుని రమ్మంది. ఆలోచించుకునే వచ్చానన్నాను. నా గొంతు నాకే అలసిపోయినట్టు వినిపించింది. ఆమె పెన్ను మళ్ళీ తీసుకుని, ఎవరు పెట్టారని అడిగింది.

“మా అత్త,” అన్నాను. “బిడ్డ బతకాలనే పెట్టింది. అది కూడా రాయండి.”